తేలిక బ్యాటరీ కొనేముందు బండి నాడి చూడండి

బ్యాటరీల సంగతి ఆడవాళ్లకెందుకు, ఏ ఆవకాయ గురించో రాయొచ్చు కదా అనుకుంటున్నారా? నేనూ మొన్నమొన్నటి వరకు అలాగే అనుకున్నాను. బండి మగవాళ్ల వస్తువు, అది ఆగితే తోసుకునేది వాళ్లే, బాగు చేయించేది వాళ్లే అని ఊరుకున్నాను. కానీ ఆ బండికి పెట్టే డబ్బు నా చీటీ డబ్బు. ఆ బండి రాత్రిపూట ఉండేది మా వసారాలో, మా అత్తమ్మ మంచానికి రెండు మూరల దూరంలో. ఈ రెండు మాటలూ ఆలోచించాక ఇది మన సంగతి కూడానని తెలిసొచ్చింది. తెలిసొచ్చేసరికి కొంత డబ్బు పోయింది. మీకైనా పోకూడదని రాస్తున్నాను.

మాది శ్రీశైలం రోడ్డు మీది కందుకూరు. మా ఆయన శంషాబాద్ విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించి దించే పనిలో ఉన్నారు. 2008లో విమానాశ్రయం వచ్చాక మా వైపు చాలా ఇళ్లల్లో ఇదే తీరు. ఒకరు పొద్దున డ్యూటీ, ఒకరు రాత్రి డ్యూటీ. ఆయనకు తెల్లవారుజాము 4 గంటల డ్యూటీ పడితే 3 గంటలకే లేచి టీ పెట్టివ్వాలి. ఆ వేళప్పుడు బస్సు ఉండదు, ఆటో దొరకదు. బండే దిక్కు. లేటయితే ఆ పూట జీతం కట్.

పోయినేడాది చలికాలంలో బండి మొరాయించడం మొదలైంది. సెల్ఫ్ నొక్కితే "టక్ టక్" అని ఊరుకునేది. మాది కిక్కు లేని బండి. ఒకరోజు తుక్కుగూడ దగ్గర టీ తాగడానికి ఆపితే మళ్లీ స్టార్ట్ కాలేదట. మోకాలి నొప్పితో చీకట్లో దాన్ని తోసుకుంటూ పోయి, గంట ఆలస్యంగా చేరి, మాట పడి వచ్చారు. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

కాటా మీద కిలో కూడా తూగలేదు

మా చిన్నోడు డిగ్రీ చదువుతున్నాడు. ఫోనులో వీడియో చూపించాడు. "అమ్మా, గీ పాత సీసం బ్యాటరీలు ఇంకెన్నొద్దులు? లిథియం బ్యాటరీ వేయిస్తే అయిదేండ్లు చూడక్కర్లేదు. నీళ్లు పోసుడు లేదు, యాసిడ్ లేదు. దూదిలెక్క తేలిక" అన్నాడు. మామూలు బ్యాటరీ 1,400 రూపాయలు, ఇది 4,500. చీటీ పాడగా వచ్చిన డబ్బులోంచి ఇచ్చాను.

వాడు చెప్పినట్టే ఉంది. కూరగాయలు తూచే కాటా మీద పెట్టి చూశాం. పాతది దగ్గర దగ్గర 3 కిలోలు, కొత్తది కిలో కూడా లేదు. "ఇంత తేలికది అంత బండిని ఏం లేపుతదిరా" అని అత్తమ్మ నవ్వింది. లేపింది! సెల్ఫ్ ఇలా ముట్టుకుంటే అలా స్టార్ట్. రెండు నెలలు మా ఇంట్లో ఆ బ్యాటరీ పొగడ్తే పొగడ్త.

ఆ రెండు నెలల్లో రెండుసార్లు హెడ్‌లైటు బల్బు మాడిపోయింది. బల్బులు మంచివి రావడం లేదని తిట్టుకుని కొత్తవి వేయించాం. అసలు సంగతి ఆ బల్బులే చెప్పాయి, మేమే వినిపించుకోలేదు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బండి వసారాలో పెట్టారు. కాసేపటికి ఏదో ఘాటు వాసన. గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు. అత్తమ్మ అప్పుడే భోంచేసి మంచం మీద నడుం వాల్చింది. సీటు విప్పి చూస్తే బ్యాటరీ పక్కలు పూరీలా ఉబ్బి ఉన్నాయి. చెయ్యి పెడితే కాలుతోంది.

మీకు 2022 ఏప్రిల్ గుర్తుందా? నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. ఆ వారంలోనే విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని పోయాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది పోయారు. ఇవన్నీ పేపర్లో చదివి "అయ్యో పాపం" అనుకుని పేజీ తిప్పేసినదాన్నే. ఆ రోజు ఆ వాసన పీలుస్తుంటే మాత్రం ఒక్కొక్కటీ కళ్ల ముందుకొచ్చింది. అత్తమ్మను లేపి అరుగు మీదికి పంపాను. బండిని మా ఆయన, చిన్నోడు కలిసి వాకిలి దాటించి ఖాళీ జాగాలో నిలబెట్టారు. బ్యాటరీ చల్లారేదాకా ఎవరం దగ్గరికి పోలేదు.

అమ్మిన దుకాణానికి పోతే, "మీ బండిలోనే తేడా ఉంది, గ్యారంటీ వర్తించదు" అని పంపేశారు. మరి బిగించేటప్పుడు ఆ తేడా చూడొద్దా అంటే జవాబు లేదు.

మీటరు చెప్పిన నిజం

మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా బళ్లు బాగుచేసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పాత సీసం బ్యాటరీనే చార్జ్ చేయించి తాత్కాలికంగా తగిలించి ఆయన దగ్గరికి తీసుకుపోయాం. నేను కూడా వెళ్లాను. పోయింది నా డబ్బు కదా! ఆయన ఇంజను నడిపించి, యాక్సిలరేటర్ కొంచెం తిప్పి, బ్యాటరీ రెండు కొసలకు మీటరు తీగలు ఆనించాడు. అంకెలు 14 దాటాయి, 15 దాటాయి, 15.8 దగ్గర ఆగాయి.

"చూసినవా చెల్లె? మీరు బ్యాటరీ ఏది మంచిదని అడిగిన్రు గనీ, బండికేమైందని ఎవ్వరినీ అడగలే. పొంగుతున్న పాలకిందికెల్లి మంట తియ్యకుండ గిన్నెలు మార్చుకుంట పోయిన్రు" అన్నాడు.

సంగతేమిటంటే, ఇంజను తిరుగుతున్నంతసేపు కరెంటు పుడుతుంది. ఆ కరెంటును సరిచేసి, బ్యాటరీకి ఎంత కావాలో అంతే పంపే చిన్న పెట్టె ఒకటి బండిలో ఉంటుంది. దాన్ని రెగ్యులేటర్ అంటారు. మన ఫ్రిజ్ దగ్గర స్టెబిలైజర్ ఎలాగో ఇదీ అలాగే. 12 వోల్టుల బ్యాటరీకి అది సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య పంపాలి. మాది పాడై 15.8 పంపుతోంది. సీసం బ్యాటరీలో నీళ్లు నెలనెలా తగ్గిపోయి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ వచ్చింది అందుకే. బల్బులు మాడింది అందుకే. లిథియం బ్యాటరీ ఉబ్బిందీ అందుకే.

రెగ్యులేటర్ మార్చడానికి పనితో కలిపి 850 రూపాయలు అయింది. 850తో పోయేదానికి 4,500 పోగొట్టుకున్నాం. అత్తమ్మకు ఏమీ కాలేదు, అదే పదివేలు.

ఈ లిథియం అంటే ఏమిటి?

చేయి కాలాక కుతూహలం పెరిగింది. చిన్నోడి చేత చదివించుకుని, ఆ పెద్దాయన్ను అడిగి తెలుసుకున్నంత చెబుతాను.

సీసం బ్యాటరీ పాత కాలపుది. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే అనే ఆయన కనిపెట్టాడు. సీసపు పలకలు, గంధకామ్లం, అంతే. బరువెక్కువ, కానీ మొరటుది. కాస్త ఎక్కువ తక్కువలు ఓర్చుకుంటుంది. లిథియం బ్యాటరీలు బజారులోకి వచ్చింది 1991లో. వాటికి దారి వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యొషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

లిథియంలో కూడా రకాలున్నాయి, ఇది ముఖ్యం. బియ్యంలో సోనా మసూరి వేరు, దొడ్డు బియ్యం వేరు అన్నట్టే. నికెల్, కోబాల్టు కలిసిన రకం ఒకటి. తక్కువ బరువులో ఎక్కువ శక్తి నింపుకుంటుంది కానీ వేడెక్కితే త్వరగా అదుపు తప్పుతుంది. రెండోది ఇనుము, ఫాస్ఫేటు కలిసిన రకం. పొట్టిగా ఎల్.ఎఫ్.పి. అంటారు. దీన్ని 1997లో లోకానికి చెప్పిన గుడ్‌ఇనఫ్ బృందంలో పాఢి, నంజుండస్వామి అని మన దేశం వాళ్లు ఇద్దరున్నారని చదివి ఎంత సంతోషం వేసిందో! ఈ రకం వేడికి బాగా ఓర్చుకుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. మోటారు సైకిల్ స్టార్టింగుకు వాడే మంచి లిథియం బ్యాటరీలు చాలావరకు ఈ రకమే. అలాగని నిప్పు అంటదని కాదు. లోపలుండే ద్రవం మండేదే. మా దానిలా ఓవర్ చార్జ్ అయితే ఇదీ ఉబ్బుతుంది.

మరో ముచ్చట. మా కందుకూరు నుంచి పట్నం పోతుంటే ఆ వైపునే బాలాపూర్ ఉంది కదా, లడ్డూ వేలంపాటతో పేరుపడ్డ ఊరు. అక్కడే ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఉంది. ఈ ఎల్.ఎఫ్.పి. పొడిని మన దేశంలోనే తయారుచేసే పద్ధతి మీద అక్కడ పనిచేసి, దాన్ని హైదరాబాద్‌కే చెందిన ఆల్ట్‌మిన్ అనే కంపెనీకి అందించారు. 2023లో అమర రాజా వాళ్లు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్ ఫ్యాక్టరీకి పునాది వేశారు. రేపు మన పిల్లలు ఉద్యోగాలు చేసేది ఇలాంటి చోట్లే కావచ్చు. కాబట్టి ఈ వస్తువును చూసి భయపడి పారిపోవడం కాదు, తెలుసుకుని వాడడం మంచిది.

లాభమెంత, అవసరమెంత?

మీ ఇంట్లో కూడా తేలిక బ్యాటరీ మాట వస్తే ముందు ఈ లెక్క వేయండి.

బరువు రెండు కిలోలు తగ్గుతుంది, నిజమే. కానీ బండి బరువు 150 కిలోలు, మీద ఇద్దరు, ఒక కూరగాయల సంచి. అందులో రెండు కిలోలు ఎంత? పందేల బళ్లవాళ్లకు ప్రతి కిలో లెక్కే. అందుకే డుకాటీ పనిగాలే లాంటి ఖరీదైన బళ్లలో కొన్నింటికి కంపెనీవాళ్లే లిథియం పెట్టి ఇస్తారు. డ్యూటీకి పోయొచ్చే బండికి దానివల్ల మైలేజీ పెరుగుతుందని ఆశపడకండి.

అసలు లాభం వేరే ఉంది. వారాల తరబడి బండి తీయని ఇళ్లల్లో, అంటే కొడుకు హాస్టల్లో ఉండి పండగలకు వచ్చి తీసే బండి లాంటి వాటికి, లిథియం మంచిది. ఊరికే పెట్టినా చార్జి చాలా నెమ్మదిగా దిగుతుంది. సీసం బ్యాటరీ అలా పడి ఉంటే పాడైపోతుంది. యాసిడ్ ఒలికి కొత్త చీర చిల్లులు పడే బాధ కూడా ఉండదు.

ఇంకో కిటుకు తెలుసుకోండి. పెట్టె మీద "9 ఏ.హెచ్.తో సమానం" అని రాసి ఉంటుంది. అది స్టార్టింగు బలానికి సమానం అని. నిజంగా లోపల నిల్వ ఉండేది అందులో మూడోవంతు చిల్లర మాత్రమే ఉండొచ్చు. కొలతకు చిన్న సోల, ఒంపితే మాత్రం గుభుక్కున పోస్తుంది. కాబట్టి ఇంజను ఆపి లైటు వేసి ఉంచినా, ఫోను చార్జింగ్ పెట్టినా త్వరగా ఖాళీ అవుతుంది. పూర్తిగా ఖాళీ అయితే మళ్లీ కోలుకోకపోవచ్చు.

కొనేముందు, బిగించేముందు

1. ముందు మీటరు పెట్టించండి. ఇంజను వేగం పెంచినప్పుడు 15 వోల్టులకు పోతుంటే ఏ బ్యాటరీ వేసినా డబ్బు దండగే. 13 కూడా దాటకపోతే చార్జింగే అందడం లేదు. రెండిట్లో ఏదైనా ముందు బండిని బాగు చేయించండి.

2. బల్బులు తరచూ మాడడం, బ్యాటరీలో నీళ్లు తొందరగా తగ్గడం, కుళ్లిన గుడ్డు వాసన రావడం ఓవర్ చార్జింగుకు గుర్తులు. బల్బులు కొని తిట్టుకోకండి.

3. రాత్రంతా ఆగిన సీసం బ్యాటరీ పొద్దున్నే 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12కు దిగితే దాదాపు ఖాళీ. లిథియం ఎల్.ఎఫ్.పి. అయితే 13.2, 13.3 ఉంటుంది. దానికి 12.6 అంటే నిండు కాదు, అడుగంటినట్టు.

4. లిథియం కొంటే ఏ రకమో, లోపల కాపలా సర్క్యూట్ ఉందో లేదో అడగండి. దీన్ని బీఎంఎస్ అంటారు. ఎక్కువ కరెంటు వచ్చినా, మరీ ఖాళీ అయినా అది తలుపు మూసేస్తుంది. మేం కొన్నదాని పెట్టె మీద ఆ ముక్కే లేదు. తయారీదారు పేరు, చిరునామా, తేదీ, బిల్లు లేనివి ఎంత చవకైనా వద్దు. విడి సెల్స్ అతికించి చేసినవి అసలే వద్దు.

5. 2022 ప్రమాదాల తర్వాత ఎలక్ట్రిక్ బళ్ల బ్యాటరీలకు కేంద్రం కొత్త భద్రతా నిబంధనలు పెట్టింది. మొదటి దశ ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి, రెండోది 2023 మార్చి 31 నుంచి. అవి కరెంటుతో నడిచే బళ్ల బ్యాటరీలకు. పెట్రోలు బండిలో మనం విడిగా కొని వేసుకునే చిన్న బ్యాటరీకి ఆ ధీమా లేదు, మన జాగ్రత్తే మనకు.

6. బండి గ్యారంటీలో ఉంటే వేరే రకం బ్యాటరీ వేయించే ముందు షోరూంలో అడగండి.

7. విప్పేటప్పుడు ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, తర్వాత మైనస్. గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టండి. స్పానర్‌కు, బండి ఇనుముకు మధ్య ఉంగరం తగిలితే వేలు కాలుతుంది.

8. లిథియంకు దాని చార్జరే వాడాలి. పాత సీసం బ్యాటరీలను బాగుచేసే రకం చార్జర్లు పెట్టకూడదు.

ఇంట్లో జాగ్రత్తలు

చార్జింగ్ ఏదైనా పడకగదిలో వద్దు, నిద్రపోయేటప్పుడు వద్దు. మెట్ల కింద, తలుపు దగ్గర అసలే వద్దు. నిప్పు పుడితే బయటికి పోయే దారే మూసుకుపోతుంది. సికింద్రాబాద్‌లో పైనున్నవాళ్లను చుట్టుముట్టింది మెట్ల దారిన లేచిన పొగే. ఉబ్బినా, వాసన వచ్చినా, పగిలినా, నీళ్లలో మునిగినా ఆ బ్యాటరీని మళ్లీ వాడకండి. మంట లేస్తే సామాన్ల కోసం చూడకుండా అందరూ బయటికి రండి, 101కి గానీ 112కి గానీ ఫోను చేయండి. ఆ పొగ విషం.

సీసం బ్యాటరీ యాసిడ్ నేల మీద పడితే వంట సోడా చల్లి, నురగ ఆగాక నీళ్లతో కడగండి. ఒంటి మీద పడితే మాత్రం సోడా వెతక్కుండా ధారగా నీళ్లు పోయండి. పాత బ్యాటరీని పాత సామాన్ల వాడికి మన వాకిట్లో పగలగొట్టనివ్వకండి. సీసం పిల్లల మెదడుకు చేటు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లదే. కొత్తది కొన్నచోట ఇచ్చేయండి. లిథియంను చెత్తబుట్టలో వేయకండి, చెత్త బండిలో నలిగితే అక్కడా మంటే.

ఇప్పుడు మా బండి

రెగ్యులేటర్ మార్చాక మామూలు సీసం బ్యాటరీనే వేయించాం. రోజూ నడిచే బండికి అది చాలని ఆ పెద్దాయనే చెప్పాడు. మా ఆయన మాత్రం "లిథియం స్టార్టింగే వేరు" అంటూ ఉంటారు. కాదనను. ఈ బ్యాటరీ కాలం తీరాక, మీటరు పెట్టి, బిల్లు తీసుకుని, మంచిది చూసి కొందామన్నాను. మళ్లీ చీటీ వేశాను.

చిన్నోడు మూడొందలు పెట్టి చిన్న మీటరు కొనుక్కొచ్చాడు. పప్పుల డబ్బాల పక్కనే దాని చోటు. నెలకోసారి ఆదివారం పూట బండి స్టార్ట్ చేయించి, నేనే తీగలు ఆనించి చూస్తాను. మొన్న 14.2 ఉంది. బండిని వసారాలోంచి తీసి వాకిట్లో రేకుల కిందికి మార్చాం. అత్తమ్మ మంచం మాత్రం పాత చోటే. తెల్లవారుజామున బండి స్టార్ట్ అయిన చప్పుడు వినపడితే "పోయిండా?" అంటుంది. "పోయిండు అత్తమ్మా" అంటాను. మళ్లీ దుప్పటి కప్పుకుంటుంది.